చక్రం మారిస్తే వాబ్లింగ్ పోతుందా?

2009లో మన మార్కెట్లోకి వచ్చిన తొలి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ బళ్లకు ముందు చక్రం 18 అంగుళాలది. బుల్లెట్ అంటే దశాబ్దాలుగా 19 అంగుళాల చక్రమే. కొత్త బండి కాస్త కిందికి ఒదిగి, చూడ్డానికి ముచ్చటగా ఉండేది. కానీ వేగం పెరిగేకొద్దీ హ్యాండిల్ తేలిపోతోందని, ఊగుతోందని, అంటే వాబ్లింగ్ ఉందని, నడిపేవాళ్లు చెప్పడం మొదలైంది. సీ5 పేరుతో అమెరికా వెళ్లిన 500 సీసీ మోడల్ మీద అక్కడా ఇదే మాట. కొన్నేళ్లలోనే కంపెనీ క్లాసిక్ ముందు చక్రాన్ని 19 అంగుళాలకు మార్చింది. పాత బండి ఉన్నవాళ్లు కొందరు 19 చక్రం, దానికి సరిపోయే మడ్‌గార్డు కొని బిగించుకున్నారు, తేడా తెలిసిందన్నారు. అక్కడి నుంచి ఒక చిట్కా పుట్టి షెడ్డు నుంచి షెడ్డుకు పాకింది: వాబ్లింగా? ముందు చక్రం మార్చెయ్.

ఈ చిట్కాలో సగం నిజం ఉంది. మిగతా సగం జేబుకు చిల్లు పెడుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది. ఎందుకంటే చక్రం మార్చే రోజున మారేది చక్రం ఒక్కటే కాదు. దాంతోపాటు కొత్త టైరు ఎక్కుతుంది, కొత్త బేరింగులు పడతాయి, పుల్లలన్నీ (స్పోక్స్) సమానంగా బిగుస్తాయి, బ్యాలెన్సింగ్ జరుగుతుంది. మెకానిక్ ఎలాగూ ముందు భాగం విప్పాడు కాబట్టి కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే ఇరుసు దగ్గరి బేరింగు) కూడా ఓసారి చూసి బిగిస్తాడు. సాయంత్రానికి బండి నిమ్మళంగా నడిస్తే పేరంతా చక్రానికే పోతుంది. వీటిలో బండిని నిజంగా బాగుచేసింది ఏదో తెలుసుకోకపోతే ఆర్నెల్ల తర్వాత ఊగుడు మళ్లీ మొదలైనప్పుడు ఇంకో చక్రం కొనాల్సి వస్తుంది.

అసలు వాబ్లింగ్ అనే ఒక్క మాటతో మెకానిక్ దగ్గరికి మూడు రకాల జబ్బులు వస్తుంటాయి. మొదటిది చక్రంలోనే ఉన్న లోపం. రిమ్ బెండు ఉన్నా, ఒక పక్క బరువు ఎక్కువైనా చక్రం తిరిగిన ప్రతిసారీ ఒక దెబ్బ పడుతుంది. వేగం పెరిగితే ఆ దెబ్బలూ వేగంగా పడతాయి. రెండోది అసలైన వాబుల్. ముందు చక్రం, దాన్ని రెండు పక్కలా పట్టుకునే ఫోర్క్, హ్యాండిల్ కలిసి కుడి ఎడమలకు కొట్టుకుంటాయి, సెకనుకు సుమారు 4 నుంచి 10 సార్లు. మూడోది వీవ్. హ్యాండిల్ పెద్దగా కదలదు కానీ మొత్తం బండి పాములా మెలికలు తిరుగుతుంది, సెకనుకు రెండు మూడు సార్లు. ఇంగ్లండ్‌కు చెందిన రాబిన్ షార్ప్ 1971లో ప్రచురించిన పరిశోధన పత్రంలో మోటార్‌సైకిల్ కదలికలను లెక్కగట్టి వాబుల్, వీవ్‌లను వేర్వేరుగా చూపించాడు. బోల్తా పడే గుణాన్ని కూడా వాటి పక్కనే మూడోదిగా చేర్చాడు. ఈ తేడా తెలియడం ముఖ్యం, ఎందుకంటే ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. కొన్నిసార్లు ముదిరేలా చేస్తుంది కూడా.

మొదటి రెండింటి మధ్య తేడా పట్టుకోవడానికి చిన్న లెక్క చాలు. 90/90-19 టైరు చుట్టుకొలత సుమారు రెండు మీటర్లు. గంటకు 60 కి.మీ. అంటే సెకనుకు 16.7 మీటర్లు, అంటే చక్రం సెకనుకు ఎనిమిది సార్లకు పైన తిరుగుతుంది. 100 దగ్గర పద్నాలుగుకు దగ్గరవుతుంది. వాబుల్ సహజంగా ఊగే లయ కూడా 60 ప్రాంతంలో చక్రం తిరిగే లయకు దగ్గర్లోనే ఉంటుంది. అందుకే బ్యాలెన్స్ సరిగా లేని చక్రం 100 దగ్గర కంటే 60, 70 మధ్యే హ్యాండిల్‌ను ఎక్కువ ఊపేస్తుంది. ఊయలను సరైన సమయంలో తోసినట్టు, ప్రతి చుట్టుకూ ఒక తోపు. యాక్సిలరేటర్ వదిలి వేగం తగ్గేటప్పుడు 70 దగ్గర హ్యాండిల్ వణికి, 50కి వచ్చేసరికి ఆగిపోతుందంటే ముందుగా అనుమానించాల్సింది టైరును, బ్యాలెన్సింగ్‌ను, కోన్‌సెట్‌ను. ఇది కనుక్కోవడానికి చేతులు వదిలేసి చూసేవాళ్లున్నారు. అది పరీక్ష కాదు, జూదం. చేతుల పట్టు తేలిక చేస్తే చాలు, వణుకు ఉంటే అరచేతికి తెలిసిపోతుంది.

వాబుల్ ఎందుకు పుడుతుందో చూడాలంటే సూపర్‌మార్కెట్‌లో తోసుకెళ్లే ట్రాలీ చాలు. నెమ్మదిగా తోస్తే దాని ముందు చక్రాలు బుద్ధిగా వెనకాలే వస్తాయి. కాస్త వేగంగా తోస్తే వాటిలో ఒకటి టపటపా కొట్టుకోవడం మొదలుపెడుతుంది. ఆ చక్రం నేలను తాకే చోటు అది తిరిగే ఇరుసుకు వెనకపడి ఉంటుంది కాబట్టి పక్కకు తిరిగితే నేలే దాన్ని మళ్లీ దారిలోకి లాగుతుంది. లాగిన ఊపుకి మధ్యలో ఆగదు, అవతలి పక్కకు దాటిపోతుంది. మోటార్‌సైకిల్ ముందు భాగం కూడా ఇలాంటి ఏర్పాటే. హ్యాండిల్ తిరిగే ఇరుసును గీతలా నేల దాకా పొడిగిస్తే అది తాకే చోటుకు, టైరు తాకే చోటుకు మధ్య కొంత దూరం ఉంటుంది. దాన్ని ట్రెయిల్ అంటారు. మామూలు వీధి బళ్లలో ఇది సుమారు 90 నుంచి 120 మి.మీ. దాకా ఉంటుంది. బండి తిన్నగా పోవడానికి తోడ్పడేవాటిలో ఇదొకటి. కొట్టుకోవడానికి అవకాశం ఇచ్చేదీ ఇదే.

ఇక్కడే చక్రం సైజు కథలోకి వస్తుంది. 90/90-18 టైరు వ్యాసార్థం సుమారు 310 మి.మీ., 90/90-19 టైరుది 322. తేడా 12.7 మి.మీ., అర అంగుళం. ఫోర్క్ వాలు 27 డిగ్రీలు అనుకుంటే, చక్రం పెద్దదైనందుకే ట్రెయిల్ ఆరున్నర మి.మీ. పెరుగుతుంది. ముందు భాగం అర అంగుళం లేచింది కాబట్టి బండి మొత్తం కాస్త వెనక్కి వాలుతుంది. 1370 మి.మీ. వీల్‌బేస్ (రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం) ఉన్న బండికి అది అర డిగ్రీ. ఆ అర డిగ్రీ వల్ల ఇంకో మూడున్నర మి.మీ. చేరుతుంది. మొత్తం పది. 90 దగ్గరున్న ట్రెయిల్ 100కి వచ్చిందంటే చిన్న మార్పు కాదు. హ్యాండిల్ బరువుగా, నిలకడగా అనిపిస్తుంది. క్లాసిక్ యజమానులు తేడా తెలిసిందని చెప్పడం వట్టి భ్రమ కాదన్నమాట.

ఇదే లెక్క తిరగేస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. ఈమధ్య 19 అంగుళాల బుల్లెట్‌కి స్పోర్ట్స్ బండిలా కనిపించాలని 17 అంగుళాల అల్లాయ్ చక్రం, దాని మీద 120/70 టైరు ఎక్కిస్తున్నారు. వ్యాసార్థం 22 మి.మీ. తగ్గుతుంది. ట్రెయిల్ పదిహేడు, పద్దెనిమిది మి.మీ. పడిపోతుంది. 100 ఉన్నది 83కి వస్తుంది. ఊళ్లో తిప్పుకోవడానికి బండి తేలిగ్గా ఉంటుంది, రోడ్డెక్కి 90 దాటాక భయపెడుతుంది. వాబ్లింగ్ పోవాలని చక్రం మార్చేవాళ్ల కంటే చక్రం మార్చి వాబ్లింగ్ తెచ్చుకునేవాళ్లే ఎక్కువేమో అనిపిస్తుంది, అల్లాయ్ షాపుల ముందు నిలబడి చూస్తే.

అయితే ట్రెయిల్ పెంచితే చాలు, ఊగుడు పోతుందనుకుంటే మళ్లీ పొరపాటే. ట్రెయిల్ పెరగడమంటే చక్రాన్ని మధ్యకు లాగే బలం పెరగడం. స్ప్రింగు గట్టిపడ్డట్టు. గట్టి స్ప్రింగు ఊగుడును ఆపదు, ఇంకా గబగబా ఊగేలా చేస్తుంది. ఊగుడును చంపేది డ్యాంపింగ్, అంటే కదలికలోని శక్తిని తినేసే గుణం. ముందు భాగంలో ఆ పని చేసేవి టైరు, కోన్‌సెట్, చేతులు. టైరు పక్కకు వంగి మళ్లీ బలం చూపించడానికి కాస్త ఆలస్యం చేస్తుంది. గాలి తగ్గినా, రబ్బరు గట్టిపడినా ఆ స్వభావం మారిపోతుంది. అప్పుడు ఊగుడును తినాల్సిన టైరే దానికి మేత వేస్తుంది. కాబట్టి పెద్ద చక్రంతో బండి నిమ్మళించిందంటే కొత్త టైరుకు ఎంత వాటా, కొత్త కొలతలకు ఎంత వాటా అని అడగాల్సిందే. ఒకే కారణాన్ని పట్టుకుని వేలాడడం ఈ విషయంలో పండితులకూ తప్పలేదు. సైకిల్ తనంతట తాను నిలబడడానికి తిరిగే చక్రపు గైరోస్కోప్ గుణమో, ట్రెయిలో కారణమని చాలాకాలం చెప్పుకున్నారు. 2011లో డెల్ఫ్ట్, కార్నెల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఆ రెండూ లేకుండా కూడా తనంతట తాను నిలబడే చిన్న సైకిల్ చేసి చూపించారు. బరువు ఎక్కడుంది, ఎలా పంచబడింది అన్నదానికీ అంతే వాటా ఉందని తేలింది.

మరి చక్రం కొనే ముందు ఏం చూడాలి? మొదట ఖర్చులేనివి. బండి చల్లగా ఉన్నప్పుడు రెండు టైర్ల గాలి, కంపెనీ చెప్పిన లెక్క ప్రకారం. పెట్రోల్ బంకులో గేజి తప్పు చూపించడం మామూలే, సొంత గేజి రెండు మూడొందలకు దొరుకుతుంది. తర్వాత టైరు పక్కన అచ్చేసిన నాలుగంకెలు. 2319 అని ఉంటే అది 2019 సంవత్సరం 23వ వారంలో తయారైంది. గాడులు ఎంత లోతుగా ఉన్నా, ఆరేడేళ్లు దాటిన టైరు రబ్బరు బిరుసెక్కి ఉంటుంది. వెనక టైరును కూడా చూడాలి. హైవే మీదే తిరిగిన బండికి వెనక టైరు మధ్యలో బల్లపరుపుగా అరుగుతుంది, అది వీవ్‌కు దారి. ఊగేది ముందు కదా అని వెనక్కి చూడని మెకానిక్కులున్నారు. వీవ్‌కు మూలం చాలాసార్లు వెనకే ఉంటుంది. మెయిన్ స్టాండ్ వేసి వెనక చక్రాన్ని పట్టుకుని కుడి ఎడమలకు గట్టిగా నెట్టితే చిమ్టా (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) బుష్‌లు అరిగి ఉంటే చేతికి తెలుస్తుంది. బేరింగా, బుషా అనేది అప్పుడు తేల్చుకోవచ్చు.

కోన్‌సెట్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే చక్రం మీద పడే నిందల్లో ఎక్కువ భాగం నిజానికి దీనివే. ముందు చక్రం గాల్లో ఉండేలా ఇంజన్ కింద దిమ్మ పెట్టి, ఫోర్క్ కింది చివరలు పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగితే టక్ అని ప్లే తెలియకూడదు. తర్వాత హ్యాండిల్‌ను ఒక్క వేలితో మెల్లగా తిప్పాలి. సరిగ్గా మధ్యకు వచ్చినప్పుడు గాడిలో పడ్డట్టు ఆగిందంటే బాల్స్ కూర్చునే గిన్నెల్లో గుంటలు పడ్డాయని అర్థం. బండి జీవితమంతా తిన్నగానే పోతుంది కాబట్టి దెబ్బలన్నీ అక్కడే పడతాయి. గుంట పడ్డ కోన్‌సెట్‌ను బిగించి లాభం లేదు, మార్చాల్సిందే. వణుకు పోవాలని దాన్ని మరీ బిగించేసే అలవాటు కూడా ఉంది. అప్పుడు హై స్పీడ్ వణుకు తగ్గినట్టే ఉంటుంది కానీ 20, 30 దగ్గర బండి తాగినవాడిలా అటూ ఇటూ తూలుతుంది. హ్యాండిల్ తనంతట తాను సర్దుకోలేకపోవడమే కారణం. సరైన బిగువు ఏదంటే, ప్లే ఉండకూడదు, గాల్లో ఉన్న చక్రాన్ని మధ్య నుంచి కొంచెం తోస్తే తన బరువుతో తానే పక్కకు పడిపోవాలి.

చక్రం దగ్గరికి వస్తే, పుల్లలను చిన్న స్పానరుతో ఒక్కొక్కటీ తట్టుకుంటూ పోతే వదులైంది మోగకుండా చప్పగా పలుకుతుంది. ఒక పుల్ల వదులైతే పక్క పుల్లలు దాని భారం మోస్తాయి, కొన్నాళ్లకు అవీ జారతాయి. రిమ్ పక్కన ఫోర్క్‌కు ఆనించి ఓ పెన్సిల్ కట్టి చక్రం తిప్పితే బెండు కనిపిస్తుంది. పక్కకైనా, పైకైనా రెండు మి.మీ. దాటితే సరిచేయాలని చాలా సర్వీస్ మాన్యువళ్లు చెబుతాయి. ఆ పని తెలిసిన పాత సైకిల్ షాపు మనిషి చేతిలో పడితే చక్రం కొత్తదానికంటే బాగుంటుంది.

చక్రం, టైరు, కోన్‌సెట్ అన్నీ బాగుండి బండి ఊగుతోందంటే చూడాల్సింది లగేజీని. హైదరాబాద్ నుంచి కర్నూలు మీదుగా 44వ నంబరు జాతీయ రహదారిలో బెంగళూరుకో, సెలవు పెట్టి లద్దాఖ్‌కో బయలుదేరే బళ్లకు వెనక టాప్ బాక్సు, రెండు పక్కలా సంచులు వేలాడుతుంటాయి. వెనక ఇరుసుకు ఒక అడుగు వెనకాల 12 కిలోల పెట్టె పెడితే ముందు చక్రం మీద తగ్గే బరువు మూడు కిలోలకు కాస్త తక్కువే. అంతేనా అనిపిస్తుంది. కానీ బరువు అంత దూరంలో వేలాడితే బండి తోక ఊపడం మొదలైనప్పుడు ఆపడం కష్టం. పైగా ఆ పెట్టెకు తగిలే గాలి ముందు చక్రాన్ని ఇంకాస్త తేలిక చేస్తుంది. హ్యాండిల్‌కు బిగించిన పెద్ద విండ్‌షీల్డ్ అయితే గాలి తోపును నేరుగా హ్యాండిల్‌కే అందిస్తుంది. బరువైనవి ట్యాంకు బ్యాగులో, పక్క సంచుల్లో ముందు వైపున సర్దితే చాలా బళ్ల వీవ్ అక్కడికక్కడే తగ్గుతుంది, స్పానరు ముట్టక్కర్లేదు.

స్టీరింగ్ డ్యాంపర్ కొని బిగించడం ఇంకో చిట్కా. పాత బ్రిటిష్ బళ్లలో చాలావాటికి హ్యాండిల్ మధ్యలో తిప్పే నాబ్ ఉండేది, రాపిడితో హ్యాండిల్‌ను బరువు చేసే ఏర్పాటు అది. వాబుల్‌కు డ్యాంపర్ మందే. కానీ మరీ బిగిస్తే అదే వీవ్‌ను పెంచుతుంది. అరిగిన కోన్‌సెట్ మీద డ్యాంపర్ పెట్టడమంటే జ్వరానికి కారణం చూడకుండా మాత్ర మింగడం.

ఇన్నీ చూశాక కూడా 18 నుంచి 19కి మారాలనుకుంటే మారొచ్చు, క్లాసిక్ విషయంలో అది కంపెనీ తానే ఎంచుకున్న దారి. బిగించేటప్పుడు మాత్రం కొన్ని తప్పులు పదేపదే జరుగుతుంటాయి. చక్రం బయటికి తీశాక ఎవరో ఒకరు బ్రేకు లివర్ నొక్కుతారు, ప్యాడ్లు మూసుకుపోయి డిస్కు మళ్లీ లోపలికి పోదు. ప్యాడ్ల మధ్య అట్టముక్క పెడితే ఆ గొడవ ఉండదు. స్పేసర్లు (యాక్సిల్ మీద చక్రానికి అటూ ఇటూ ఉండే గొట్టపు ముక్కలు) ఏ పక్కవి ఆ పక్కే పడాలి. మారితే చక్రం మధ్యలో కూర్చోదు, బండి ఒక పక్కకు లాగుతుంది. టైరు పక్కన బాణం గుర్తు తిరిగే దిశకు ఉండాలి. మీటరు గేరు కొక్కెం హబ్‌లోని గాడిలో పడకుండా యాక్సిల్ బిగిస్తే కొక్కెం వంగిపోతుంది. పాత మడ్‌గార్డే ఉంచితే దానికి, టైరుకు మధ్య అర అంగుళం తగ్గుతుంది కాబట్టి ఫోర్క్ పూర్తిగా కిందికి దిగినప్పుడు టైరు తగులుతోందేమో కూడా చూసుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువమంది వదిలేసేది చివరి పని. యాక్సిల్ నట్టు బిగించాక, ఫోర్క్ చివర్ల క్లాంపు నట్లు ఇంకా వదులుగా ఉండగానే బండిని నేల మీద నిలబెట్టి, ముందు బ్రేకు పట్టుకుని ఫోర్క్‌ను నాలుగైదుసార్లు గట్టిగా కిందికి నొక్కాలి. అప్పుడు రెండు కాళ్లూ తమ చోట్లో తాము సమాంతరంగా కూర్చుంటాయి. ఆ తర్వాతే క్లాంపులు బిగించాలి. ఇది చేయకపోతే ఫోర్క్ కాళ్లు ఒకదానికొకటి మెలిపడి ఉంటాయి, కొత్త చక్రమూ పాతదానిలాగే ఊగుతుంది, నింద మళ్లీ చక్రం మీదకే పోతుంది. వెనక చక్రం ముందుదానితో ఒకే గీతలో ఉందో లేదో రెండు పక్కలా దారం లాగి చూస్తే ఇంకా మంచిది, చైన్ అడ్జస్టరు మీద గీతలను నమ్మలేం. కొత్తగా అల్లిన పుల్లలు మూడు నాలుగు వందల కిలోమీటర్లకే సర్దుకుని వదులవుతాయి, ఇంకోసారి బిగించాలి.

ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండికైతే చక్రం సైజు మార్చే ఆలోచనే మానుకోవడం మేలు. ముందు చక్రం, వెనక చక్రం తిరిగే వేగాలను పోల్చి చూసే యంత్రానికి ఒక చక్రం చిన్నదైతే లెక్క తప్పుతుంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద తప్పు కూడా. బీమా క్లెయిమ్ దగ్గర అది అడ్డు తిరగొచ్చు.

కొత్త చక్రంతో మొదటిసారి హైవే ఎక్కినప్పుడు మీటరును నమ్మి తీర్పు చెప్పకూడదు. పాత క్లాసిక్‌లో స్పీడోమీటరు కేబుల్ ముందు చక్రం నుంచే వస్తుంది. 18 చక్రానికి తగ్గ గేరు అలాగే ఉంచి 19 చక్రం వేస్తే మీటరు నాలుగు శాతం తక్కువ చూపిస్తుంది. ముల్లు 95 దగ్గర ఉంటే బండి దాదాపు 99లో పోతుంటుంది. ఓడోమీటరు కూడా తక్కువ తిరుగుతుంది కాబట్టి, మైలేజీ పడిపోయిందని కొన్నాళ్లు కొత్త టెన్షన్. 17 అల్లాయ్ వేసిన బండిది దీనికి తిరగబడ్డ కథ. అక్కడ ముల్లు వందను ముట్టుకున్నప్పుడు అసలు వేగం 93. వంద దాటినా బండి ఊగట్లేదని చెప్పేవాడు ఇంకా వంద దాకా వెళ్లనే లేదు.